అచ్చియ్యమ్మ అల పొడుగు

తాటిగరువు మొత్తానికి తెలివైన ఇల్లు ఏదంటే బూరెలవారిది. ఈ మాట ఊళ్ళో ఎవరన్నారో తెలియదు గాని, బూరెలవారు మాత్రం రోజూ అనుకునేవారు. వానాకాలం వస్తే గొడుగులు తడిసి పాడైపోతాయని అటకమీద దాచేవారు. ఎండాకాలంలో నూతిలో నీళ్ళు అడుగంటితే, పొదుపుగా ఉండాలి కదా అని, తోడిన ప్రతి బిందెలోనూ సగం మళ్ళీ నూతిలోనే పోసేవారు. ఎవరైనా నవ్వితే, "పాపం, వాళ్ళకి అందదులే" అని జాలిపడేవారు.

ఆ ఇంటికి పెద్ద అచ్చియ్యమ్మ. ఎనభైకి దగ్గరపడింది. కాపురానికొచ్చిన కొత్తలో ఆ ఇంటి తెలివి ఆవిడకి కొంచెం వింతగా ఉండేది. తరవాత అలవాటైంది. ఆ పైన తనే నలుగురికీ నేర్పడం మొదలెట్టింది. పెద్దకొడుకు వీరభద్రం, వాడి పెళ్ళాం మంగతాయారు. చిన్నకొడుకు కోటిలింగానికి ఇంకా పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే పెళ్ళిచూపులకి వెళ్ళి వీడు పిల్లని కాకుండా ఆ ఇంటి పెరటిని చూసి వచ్చిన సంగతి చెప్పాలి. అది పెద్ద కథ, వదిలేద్దాం.

అచ్చియ్యమ్మ ఎడమకన్ను చిన్నప్పుడే కోడిపుంజు పొడిచి పోయింది. ఉన్న ఒక్క కుడికంటిలో శుక్లం ముదిరింది. ఏది చూసినా పాలలోంచి చూసినట్టుండేది. అన్నంలో రాళ్ళు కనపడకపోతే సర్దుకుంది. మనుషులు కనపడకపోయినా పెద్ద బాధపడలేదు, ఆ ఇంట్లో గొంతు వినపడితే చాలు, మొహం చూసే పనిలేదు. కాని మధ్యాహ్నాలు కోడలితో అష్టాచమ్మా ఆడేటప్పుడు చమ్మా పడితే కోడలు అష్టా అంటోందని ఆవిడకి బలమైన అనుమానం. చూసి పట్టుకోవడానికి కన్ను లేదు. ఆ కడుపుమంటతోనే పట్నంలో కళ్ళ శిబిరం పెట్టారంటే మొదటిరోజే బండెక్కింది.

డాక్టరు టార్చిలైటు వేసి చూశాడు. "మామ్మగారూ, బాగా ముదిరిపోయింది. శనివారం మధ్యాహ్నంతో ఆపరేషన్లు ఆపేస్తున్నాం. ఈలోగా వచ్చేయండి. మళ్ళీ ఏడాది దాకా రాం. అప్పటికి ఈ కన్ను కూడా మిగలదు" అన్నాడు.

"ఇవాళే చేసెయ్యి నాయనా."

"ఇవాళ బల్లలన్నీ నిండిపోయాయండీ. శుక్రవారం గాని శనివారం గాని రండి."

అలా ఇంటికి తిరిగొచ్చారు. రాకపోయినా బాగుండేది.

ఆ ఇంటి అరుగుమీది గదిలో హైమావతి అని, పట్నం కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు అద్దెకుంటోంది. సాయంత్రం అరుగుమీద కూర్చుని మర్నాటి పాఠం చూసుకుంటూంటే వీరభద్రం, కోటిలింగం చెరోపక్కా చేరారు. అచ్చియ్యమ్మ గుమ్మం పక్కన చాపమీద ఉంది.

"ఏం చదువుతున్నారు మేడమ్ గారూ?" అన్నాడు కోటిలింగం.

హైమావతికి చెప్పడమంటే సరదా. ఎవరు వింటున్నారన్నది ఆవిడ చూసుకోదు. "కదిలే ప్రతిదానికీ ఒక అల ఉంటుందని పాఠం. బరువుని వేగంతో హెచ్చవేస్తే వచ్చేది ద్రవ్యవేగం. మన మాటలో ఊపు అనుకోండి. ఊపు ఎక్కువుంటే అల పొట్టిగా ఉంటుంది, ఊపు తక్కువైతే పొడుగవుతుంది. ఎలక్ట్రాన్ అని చాలా చిన్న కణం ఉంది. దాన్ని సన్నటి సందులోంచి పంపితే తిన్నగా పోదు, అటూ ఇటూ విచ్చుకుంటుంది. నెమ్మదిగా పంపితే మరీ విచ్చుకుంటుంది."

"అయ్యో, మరి దానికి మందేమిటి?" అంది అచ్చియ్యమ్మ.

"జోరుగా పంపాలి మామ్మగారూ. లేదా సందు వెడల్పు చెయ్యాలి. అప్పుడు విచ్చుకోవడం తగ్గుతుంది. లేకపోతే అవతల తెరమీద నడుమ ఒక పెద్ద మచ్చ, దాని పక్కల చిన్న చిన్న మచ్చలు పడతాయి."

"ఎలక్ట్రాన్‌కేనా, మనకి కూడా అల ఉంటుందా?" అన్నాడు వీరభద్రం.

"అందరికీ ఉంటుంది. మీకు, నాకు, మీ గేదెకి కూడా. కాకపోతే..."

కాకపోతే ఏమిటో చెప్పబోయేసరికి లోపల స్టౌ మీద పాలు పొంగాయి. ఆవిడ లేచి పరిగెత్తింది. అసలు సంగతి ఆ 'కాకపోతే'లోనే ఉంది. అది పాలతో పాటే పొంగి పోయింది.

ఆ పూటకి అది అక్కడితో ఆగిపోయేదే. కాని ఆ ఇంట్లో ఒక పిల్లి ఉంది. బక్కది, తీరిగ్గా నడుస్తుంది. నాలుగురోజుల కిందట గాదెకీ గోడకీ మధ్య సన్నటి సందులోకి మెల్లగా దూరి ఇవతలికి రాలేదు. మేడమ్ గారి పాఠం విన్న మర్నాడు పొద్దున్న దాని అరుపు వినపడితే కోటిలింగం గాదె కొంచెం జరిపి చూశాడు. చూసినవాడు అలాగే కూలబడ్డాడు.

"అన్నయ్యా, పిల్లి విచ్చుకుపోయింది."

వీరభద్రం వంగి చూశాడు. నడుమ పెద్ద పిల్లి. దాని పక్కల చిన్న చిన్న పిల్లులు, నాలుగు.

"మేడమ్ గారు చెప్పినట్టే ఉందిరా. నడుమ పెద్దది, పక్కల చిన్నవి" అన్నాడు.

"బక్కది కదా. పైగా నెమ్మదిగా దూరింది. ఊపు లేదు."

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ కలిసి అమ్మకోసం చూశారు. అచ్చియ్యమ్మ అప్పటికి పెరట్లో నూతిపళ్ళెం దగ్గర పళ్ళు తోముకుని, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వంటింటి గుమ్మం వైపు వస్తోంది. ఎముకలగూడు. గాలి వీస్తే చీరే ఆవిణ్ణి మోసుకొస్తున్నట్టుంటుంది.

"అమ్మా, ఆగు. గుమ్మంలో అడుగుపెట్టకు" అని ఇద్దరూ పరుగెత్తారు.

అచ్చియ్యమ్మ గడప దగ్గర ఒక కాలు పైకెత్తి అలాగే ఆగింది. కొడుకులు పిల్లి సంగతి చెప్పారు. ఆవిడ కాసేపు ఆలోచించింది. ఆలోచిస్తే బూరెలవారి ఇంట్లో ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

"అరవై ఏళ్ళబట్టీ ఈ గుమ్మంలోంచే తిరుగుతున్నాను కదరా, ఎన్నడూ విచ్చుకోలేదే?"

"అప్పుడు నీకు ఒళ్ళుండేదమ్మా. పైగా నాన్న పిలిస్తే పరిగెత్తేదానివి. ఇప్పుడు ఒళ్ళూ లేదు, పరుగూ లేదు. అల ఎంత పొడుగైపోయిందో ఏమో" అన్నాడు వీరభద్రం.

మంగతాయారు చేతిలో ఉన్న గరిట జారిపోయింది. "ఏవండీ, ఒక్క అత్తయ్యకే కాఫీ ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తారు. ఒక పెద్దత్తయ్య, నలుగురు చిన్నత్తయ్యలైతే నేను పుట్టింటికి పోతాను."

"నీ గోల నీది. నా గోల చూడు. అయిదుగురిని అయితే ఆ డాక్టరు ఎవత్తికి చేస్తాడు ఆపరేషన్? ఆ చిన్నవాటిలో ఒకదానికి చేసి పంపిస్తే నేను గుడ్డిదాన్నేగా ఉండిపోయేది?" అంది అచ్చియ్యమ్మ.

అంతే, ఆవిడ ఇంట్లోకి రావడం మానేసింది. పెరట్లో బాదంచెట్టు కింద మంచం వేశారు. భోజనం అక్కడే, పడక అక్కడే. శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళాలన్న మాట అందరికీ గుర్తుంది. కాని ఆసుపత్రికి గుమ్మముంది. దాన్ని తలుచుకుంటే ఎవరికీ ముద్ద దిగడం లేదు.

హైమావతి కాలేజీనుంచి వచ్చి సంగతి విని తల పట్టుకుంది. "అయ్యో, నేను పూర్తిగా చెప్పలేదండీ. మామ్మగారి అల ఉందంటే ఉంది, కాని ఎంతో తెలుసా? ఒక ఆవగింజని కోటి ముక్కలు చెయ్యండి. అందులో ఒక ముక్కని మళ్ళీ కోటి ముక్కలు. అలా నాలుగుసార్లు చేసినా ఆ ముక్క మామ్మగారి అలకంటే పెద్దదిగానే ఉంటుంది. అల అంత సూక్ష్మం, గుమ్మం ఇంత పెద్దది. ఎలక్ట్రాన్ విచ్చుకుంటుందంటే దాని అలా, ఆ సందూ దగ్గరదగ్గరగా ఒకే కొలతలో ఉంటాయి కనక. పిల్లి ఈనిందండీ, అంతే."

"చదువుకున్నవారు, మీ మాట కాదంటామా" అన్నాడు వీరభద్రం ఎంతో మర్యాదగా. కాదనలేదు కూడా. పోపులపెట్టెలోంచి ఆవగింజ తెచ్చాడు. మంగతాయారు కత్తిపీట పట్టుకొచ్చింది. మేడమ్ గారి మాట రుజువు చేసుకుందామని కూర్చున్నారు. మొదటి వేటుకే ఆవగింజ ఎగిరి ఎటో పోయింది. ఇంకోటి తెచ్చారు, అదీ పోయింది. డబ్బాలో ఆవాలన్నీ అయ్యేదాకా కొట్టారు. ఒక్కటీ రెండు ముక్కలవలేదు.

"కోటి ముక్కలంటే కోటి ముక్కలు. ఇక్కడ రెండే కావడంలేదు. కనక ఆ లెక్క నిలబడదు" అన్నాడు కోటిలింగం.

హైమావతికి మర్నాడు వేరే ఊళ్ళో పరీక్షల డ్యూటీ ఉంది. వెళ్ళేటప్పుడు బస్సెక్కుతూ కూడా, "మామ్మగారిని మామూలుగా చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళండి, చాలు" అని చెప్పే పోయింది. పాపం మంచిమనిషి.

ఊపు పెంచాలంటే బరువైనా పెంచాలి, వేగమైనా పెంచాలి. బరువు సులువని తోచింది. గురువారం ఒక్కరోజులో అచ్చియ్యమ్మని లావు చెయ్యాలని సున్నుండలు చేశారు. వీరభద్రం ఒకటి పెడతాడు, కోటిలింగం ఒకటి పెడతాడు, నీళ్ళు తాగితే కడుపులో జాగా పోతుందని నీళ్ళివ్వరు. ఆవిడ కంటికోసం మింగింది. సాయంత్రానికి కడుపు తిరగబడింది. శుక్రవారమంతా పెరటి చివర దొడ్డి దగ్గరే గడిచిపోయింది. ముందు ఉన్న ఆ కాస్త ఒళ్ళు కూడా కరిగి, చెంబు ఎత్తలేని స్థితికి వచ్చింది.

"అల ఇంకా పొడుగైందిరా. ఇప్పుడు నన్ను కిటికీలోంచి చూసినా విచ్చుకుంటాను" అంది నీరసంగా.

శనివారం తెల్లవారింది. అదే ఆఖరి రోజు. అచ్చియ్యమ్మ మంచమ్మీద లేచి కూర్చుని, "ఒరే, ఇవాళ కాకపోతే ఇంక నాకు చీకటే. ఏదో ఒకటి చెయ్యండి. అయిదుగురినైనా సరే, ఒక్కదానికైనా కన్నొస్తుంది" అంది. ఆ మాటకి కోటిలింగం కళ్ళు చెమర్చాయి. కళ్ళు చెమరిస్తే వాడికి ఆలోచన వస్తుంది.

కూరగాయల అప్పలస్వామిని అడిగి తోపుడుబండి తెచ్చాడు. దానిమీద పరుపు వేసి అమ్మని కూర్చోబెట్టారు. ఒళ్ళో రుబ్బురోలు పొత్రం పెట్టారు. వెనక ఉప్పుబస్తా, ముందు సన్నికల్లు. అటూ ఇటూ జారకుండా చీరతో కట్టారు. ఇది బరువు. వేగం సంగతి అన్నదమ్ములిద్దరూ చూసుకుంటారు. మంగతాయారు వెనక చెంబు పట్టుకుని పరిగెత్తాలి.

తాటిగరువు నుంచి పట్నానికి దూరం పెద్దగా లేదు గాని, దారిపొడుగునా ఎవరు కనపడితే వాళ్ళకి, "తప్పుకోండి, మా అమ్మ అల పొట్టిచేస్తున్నాం" అని అరుస్తూ పోయారు. ఆసుపత్రి వీధిలోకి మలుపు తిరిగేసరికి బండి బాగా జోరందుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యెత్తాడు.

"ఎవరండీ? చీటీ ఏదీ?"

"ఆపితే ఊపు పోతుందండీ" అన్నాడు వీరభద్రం వాడి పక్కనుంచి దూసుకుపోతూ.

అచ్చియ్యమ్మ పొత్రాన్ని కావలించుకుని కన్ను గట్టిగా మూసుకుంది. ఎదురుగా తెల్లటి గుమ్మం. బండి అందులో దూరింది. తిన్నగా, బాణంలా దూరింది. వరసలో కూర్చున్న ముసలాళ్ళు కాళ్ళు పైకి లాక్కున్నారు. నర్సులు గోడకి అంటుకుపోయారు. బండి ఒక్క అంగుళం కూడా పక్కకి పోలేదు.

"విచ్చుకోలేదు, అన్నయ్యా, విచ్చుకోలేదు" అన్నాడు కోటిలింగం ఆనందం పట్టలేక.

విచ్చుకోలేదు నిజమే. ఆగలేదు కూడా. ఎలా లోపలికి పంపాలన్నదే అంతా ఆలోచించారు, లోపల ఎలా నిలబెట్టాలన్నది ఎవరికీ తోచలేదు. బండి హాలంతా దాటి, వెనక గుమ్మంలోంచి అంతే తిన్నగా బయటికి పోయి, అక్కడ రోగులకి టిఫిను పెట్టే పందిట్లో ఇడ్లీపాత్రని గుద్దుకుని ఆగింది.

అచ్చియ్యమ్మ ఒళ్ళు తడుముకుంది. "ఎంతమందిని ఉన్నాన్రా?"

"ఒక్కదానివేనమ్మా" అన్నాడు వీరభద్రం, చుట్టూ తిరిగి రెండుసార్లు చూసి.

"మళ్ళీ లెక్కపెట్టు. ఇడ్లీ కింద చూశావా?"

గోల విని డాక్టరు బయటికొచ్చాడు. లావుపాటి మనిషి. ఉప్పుబస్తా చూశాడు, పొత్రం చూశాడు, చట్నీలో కూర్చున్న అచ్చియ్యమ్మని చూశాడు. ఆయన ఏమీ అడగలేదు. శిబిరాల్లో ఇరవై ఏళ్ళు తిరిగినవాడు, అడిగితే చెబుతారని ఆయనకి తెలుసు. "ఈవిడే రావలసిన మామ్మగారు. బట్టలు మార్చి తీసుకురండి, ఇంకా వేళ మించిపోలేదు" అని నర్సుకి చెప్పాడు.

ఆపరేషన్ గదికి ఒకే తలుపు, అదీ సగమే తెరుచుకుంటుంది. నర్సు పొత్రం లాక్కుని పక్కన పెట్టేసింది. అచ్చియ్యమ్మ తలుపు పట్టుకుని ఆగిపోయింది. "నాయనా, ఒక్క ఉప్పుబస్తానైనా ఉండనియ్యి" అంది.

"నా చెయ్యి పట్టుకోండి మామ్మగారూ. నెమ్మదిగా వద్దాం" అని డాక్టరు ఆవిడ చెయ్యి తీసుకుని నడిపించాడు. కొడుకులు కళ్ళు మూసుకున్నారు. కోడలు మాత్రం వేళ్ళ సందుల్లోంచి లెక్కపెట్టడానికి తయారుగా ఉంది.

లోపల బల్లమీద పడుకున్నాక అచ్చియ్యమ్మ మెల్లగా అడిగింది. "బాబూ, నేను ఒక్కదాన్నేనా వచ్చాను?"

"ఒక్కరే. ఇంకెవరైనా రావాలా?"

"రాకూడదనే," అంది ఆవిడ. ఎందుకు విచ్చుకోలేదో వెంటనే బోధపడింది కూడా. డాక్టరు లావు. ఇద్దరి బరువూ కలిసింది. ఇంత సులువైన సంగతి తెలియక అనవసరంగా ఉప్పుబస్తా మోశారు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆదివారం పొద్దున్న కట్టు విప్పి డాక్టరు వేళ్ళు చూపించాడు. అచ్చియ్యమ్మ వేళ్ళు లెక్కపెట్టి ఊరుకోలేదు, ఆయన ఉంగరంలో రాయి వంకరగా పొదిగారని కూడా చెప్పింది. అప్పుడాయన కొడుకుల్ని పిలిచి మందులిచ్చి జాగ్రత్తలు చెప్పాడు. "మామ్మగారు బరువు మొయ్యకూడదు. కుదుపు తగలకూడదు. పరుగులు, బండ్లు అసలే కూడదు. నడిస్తే నెమ్మదిగా నడవాలి. మాట దాటితే కన్ను పోతుంది. నేను మళ్ళీ వచ్చి చెయ్యలేను."

బరువు కూడదు, వేగం కూడదు. అంటే ఊపన్నది బొత్తిగా కూడదు. ఇంటికి తీసుకెళ్ళాక గుమ్మం ఎలా దాటించాలి? పెరట్లోనే ఉంచుదామంటే ధూళి తగలకూడదని కూడా చెప్పాడు. డాక్టరుగారిని ఇంటిదాకా వచ్చి చెయ్యిపట్టుకోమని అడిగారు. ఆయన రైలుకి వేళయిందని లోపలికి పోయాడు.

అన్నదమ్ములు ఆసుపత్రి మెట్లమీద కూలబడ్డారు. వీరభద్రం తలెత్తాడు.

"మేడమ్ గారు ఇంకోటి కూడా చెప్పారురా. జోరుగా పంపాలి, లేదా..."

"లేదా సందు వెడల్పు చెయ్యాలి" అన్నాడు కోటిలింగం.

అంతే, ఇద్దరూ లేచి ఊరివైపు పరుగెత్తారు. ఎండ తగ్గాక అమ్మని రిక్షాలో నెమ్మదిగా తీసుకురమ్మని మంగతాయారుకి చెప్పారు.

రిక్షా తాటిగరువు చేరేసరికి పొద్దు వాలుతోంది. దారంతా అచ్చియ్యమ్మ చూస్తూనే ఉంది. కాకుల్ని చూసింది, కరెంటు తీగలు చూసింది, కోడలి మెళ్ళో గొలుసుకి కొక్కెం తెగి దారంతో ముడేసి ఉండడం చూసింది. కోడలు అత్తగారికేసి తిరక్కుండా కూర్చుంది.

ఇంటిముందు రిక్షా ఆగింది. అన్నదమ్ములు గునపాలు పక్కన పడేసి, జుట్టునిండా సున్నంతో నవ్వుతూ నిలబడ్డారు. వీధి వైపు గోడ ఈ మూలనుంచి ఆ మూలదాకా లేదు. దూలాలు పక్కగోడలమీద ఉండబట్టి కప్పు ఎలాగో నిలబడింది. హైమావతి గది గోడ కూడా, ఆవిడ పుణ్యమా అని, ఎడంగా ఉండి బతికింది. నట్టింట్లో మంచాలు, గాదె, పిల్లి, దాని పిల్లలు, అన్నీ వీధిలోకి కనిపిస్తున్నాయి. గుమ్మం మాత్రం పీకలేదు. గడప తీస్తే ఇంటికి అరిష్టం. అందుకని పసుపు, బొట్లతో సహా గుమ్మం ఒక్కటీ నడిమధ్య అలాగే నిలబడి ఉంది. దాని తలుపులు మూసి ఉన్నాయి. తలుపులకి తాళం వేసి ఉంది.

"ఎంత వెడల్పు చేశామో చూడమ్మా. ఇప్పుడు నువ్వు ఎంత నెమ్మదిగా వచ్చినా విచ్చుకోవు" అన్నాడు వీరభద్రం.

అచ్చియ్యమ్మ ఒక్కగానొక్క కంటితో ఇటునుంచి అటు చూసింది. కడుపు నిండిపోయింది. "నా కొడుకులు" అంది రిక్షావాడితో.

"దిగమ్మా, లోపలికి పోదాం."

"తాళం తీయండి మరి."

కోటిలింగం మొలలో తడుముకున్నాడు. జేబులో తడుముకున్నాడు. "ఇల్లు పగలగొడుతూంటే తలుపు తీసి ఉంచకూడదని ముందుగా తాళం వేశానే. తాళంచెవి పోతుందేమోనని, గోడకి మూల కాస్త కన్నం పడగానే చెయ్యి లోపలికి పెట్టి పక్కగోడకున్న దాని మేకుకి తగిలించేశాను. అది లోపలుంది."

"తెలివిగానే చేశావు. కాని ఇప్పుడు లోపలికి ఎలా పోతాం? తాళం వేసి ఉందిగా" అన్నాడు వీరభద్రం.

అందరూ తాళం చుట్టూ చేరారు. కోటిలింగం లాగి చూశాడు, వీరభద్రం రాయితో కొట్టబోయి మంచి తాళం పాడవుతుందని మానేశాడు. మంగతాయారు తలుపు సందులోంచి చూసి ఏమీ కనపడటం లేదంది. రిక్షావాడు ఏదో చెప్పబోయి, చుట్టూ చూసి, తన కిరాయి తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు అచ్చియ్యమ్మ గుమ్మానికి నాలుగడుగులు పక్కగా జరిగి, గోడ లేని చోట నిలబడి, కన్ను చికిలించి లోపలికి చూసింది. "అదుగోరా. దేవుడి గూటి పక్కన మేకుకి వేలాడుతోంది. ఎర్రదారం కూడా కనిపిస్తోంది నాకు."

కొడుకులిద్దరూ వచ్చి ఆవిడ పక్కన నిలబడి చూశారు. నిజంగానే ఉంది. రెండేళ్ళుగా పొయ్యిలో మంట కూడా ఆనని మనిషికి అంత దూరంనుంచి దారం రంగు తెలిసిందంటే, డాక్టరు హస్తవాసి మంచిదని ఇద్దరూ ఒప్పుకున్నారు. తరవాత కోటిలింగం తాళాలు బాగుచేసేవాడికోసం మళ్ళీ పట్నం బయల్దేరాడు. మిగిలినవాళ్ళు గడపకి ఇవతల చాప పరుచుకుని కూర్చున్నారు.

అచ్చియ్యమ్మ ఒకసారి చెయ్యి చాపి తాళాన్ని గుంజి చూసుకుని, తృప్తిగా తల పంకించింది. "తాళం వేసి ఉండబట్టి సరిపోయింది గాని, లేకపోతే గోడ లేని ఈ కొంపలోకి ఎవడైనా దూరిపోడూ" అంది.